గుంట దగ్గర మొదలయ్యే ఆట

గోల్ఫ్ ఆటలో బంతి చివరికి చేరవలసిన గుంట వెడల్పు 4.25 అంగుళాలు. ఇంచుమించు కొబ్బరి చిప్ప మూతి అంత. బంతి బరువు 46 గ్రాముల లోపు, నాటుకోడి గుడ్డు అంత. మైదానం నూటయాభై ఎకరాలదైనా, ఆడేది ప్రపంచ విజేత అయినా ఈ రెండు కొలతలూ మారవు. టీవీలో కనిపించే గోల్ఫ్ మూడు వందల గజాలు ఎగిరిపోయే బంతితో మొదలవుతుంది. పిల్లలకు మాత్రం ఈ ఆట గుంట దగ్గర, రెండడుగుల దూరంలో మొదలుకావాలి. పిల్లలకు గోల్ఫ్ ఎలా నేర్పాలి, ఎక్కడ నేర్పాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అన్న ప్రశ్నలన్నిటికీ సగం జవాబు ఈ ఒక్క సంగతిలోనే ఉంది.

తెలుగు పల్లెల్లో పిల్లలు మడమతో నేలలో గుంట చేసి, కాస్త దూరం నుంచి గోళీని అందులోకి వేసేవారు. నేల ఎటు వాలిందో చూడటం, వేలి బలం ఎంత పెట్టాలో లెక్కగట్టడం, గురి తప్పితే మళ్లీ తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం ఆ ఆటలో ఉన్న విద్య. గోల్ఫ్‌లో బంతిని గుంటలోకి దొర్లించే భాగాన్ని పటింగ్ అంటారు. దానికి కావలసిన విద్య కూడా ఇదే. కర్రాబిళ్ల ఆడిన చేతికి ఆటలో మిగతా సగం, అంటే బంతిని దూరం కొట్టడం, కూడా మరీ కొత్తగా ఉండదు.

అయిదేళ్ల పాప చేతికి తన ఎత్తుకు సరిపడే పటర్, అంటే పటింగ్ కర్ర, ఇచ్చి, గుంటకు రెండడుగుల దూరంలో నిలబెడితే, మొదటిసారి బంతి గుంట పక్కనుంచి దూసుకుపోతుంది. రెండోసారి భయపడి మెల్లగా తడుతుంది. బంతి సగం దారిలో ఆగిపోతుంది. మూడోసారి అంచు దాకా వెళ్లి, చుట్టు తిరిగి, బయటే ఉండిపోతుంది. నాలుగోసారో అయిదోసారో గుంటలో దించిన డబ్బాలో టక్కుమని పడుతుంది. ఆ చప్పుడు విన్న పాప బంతిని తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, ఈసారి మూడడుగుల దూరంలో పెట్టుకుంటుంది. మంచి శిక్షకులు మొదటి వారమంతా ఈ చప్పుడు మీదే నడిపిస్తారు.

అక్కడి నుంచి పాఠం గుంట నుంచి వెనక్కి జరుగుతూ పోతుంది. పటింగ్ తర్వాత, గ్రీన్ అనే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి అంచు నుంచి బంతిని కొంచెం ఎత్తి దొర్లించే చిప్పింగ్. ఆ తర్వాత ఇరవై ముప్ఫై గజాల దెబ్బలు. చివరికి కర్రను పూర్తిగా ఊపి కొట్టే స్వింగ్. అమెరికాలో ఆపరేషన్ 36 అనే పద్ధతి దీన్ని ఒక మెట్ల వరసగా మార్చింది. పిల్లలు మొదట ప్రతి హోల్‌నూ, అంటే ఒక్కో గుంట వరకు సాగే ఆటనూ, గుంటకు 25 గజాల దూరం నుంచే ఆడతారు. తొమ్మిది హోల్స్ 36 దెబ్బల్లో ముగించగలిగితే 50 గజాలకు, ఆ తర్వాత 100 గజాలకు జరుగుతారు. వయసుతో నిమిత్తం లేదు, పక్కవాళ్లతో పోలిక లేదు. మొన్నటి తనకంటే ఈరోజు తాను ఎంత వెనక్కి జరిగి ఆడగలుగుతున్నానన్నదే లెక్క.

దూరం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. పెద్దవాళ్ల కోర్సులో నాలుగు దెబ్బల్లో ముగించవలసిన హోల్ 400 గజాలు ఉండటం మామూలే. ఏడేళ్ల పిల్లవాడు గట్టిగా కొడితే బంతి 60 గజాలు పోతుంది. అంటే ప్రతి దెబ్బా సరిగ్గా తగిలినా గ్రీన్ చేరడానికే ఏడు దెబ్బలు కావాలి. పిల్లవాడు ఎంత బాగా ఆడినా ఓడిపోయినట్టే కనిపించే లెక్క ఇది. టైగర్ వుడ్స్ నాలుగేళ్ల వయసులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో హార్ట్‌వెల్ అనే చిన్న పబ్లిక్ కోర్సులో నేర్చుకున్నప్పుడు, ఆయన తొలి గురువు రూడీ డ్యూరాన్ ఈ చిక్కును గుర్తించాడు. ఆ పిల్లవాడి బలానికి తగినట్టు ఒక్కో హోల్‌కు వేరే పార్, అంటే ముగించవలసిన దెబ్బల లెక్క, రాసిచ్చాడు. బాగా ఆడిన రోజున బాగా ఆడినట్టు కాగితం మీద కూడా కనిపించేది. తర్వాత ప్రపంచం చూసిన ఆటగాడి వెనక, ఒక చిన్న కోర్సూ ఒక గురువు ఔదార్యమూ ఉన్నాయన్నది మరువకూడని విషయం.

పరికరాల్లోనూ ఇదే సూత్రం. పెద్దవాళ్ల పాత క్లబ్బును, అంటే గోల్ఫ్ కర్రను, కోసి పొట్టి చేసి పిల్లలకివ్వడం చాలా ఇళ్లలో జరిగేదే. కోసినంత మాత్రాన దాని తల బరువు తగ్గదు, కడ్డీ మరింత బిరుసెక్కుతుంది. ఆ బరువు లాగలేక పిల్లలు ఒళ్లంతా విరిచి ఊపుతారు. అలా పడిన అలవాటు మానడానికి ఏళ్లు పడుతుంది. నిబంధనల ప్రకారం సంచిలో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు గాని, పిల్లలకు మూడు నాలుగు చాలు: పటర్, పొట్టి దెబ్బలకు ఒక వెడ్జ్, మధ్య దూరానికి ఒక 7 నంబరు ఐరన్, ఇంకొంచెం పెద్దయ్యాక దూరపు దెబ్బలకు ఒక వుడ్. అవి ఎత్తుకు తగినవీ తేలికైనవీ కావాలి. పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి ఒకరికి పొట్టివైనవి మరొకరికి ఇచ్చే పద్ధతి ఉన్న శిక్షణ కేంద్రాల్లో తల్లిదండ్రుల మీద భారం బాగా తగ్గుతుంది. స్పెయిన్ ఆటగాడు సెవే బల్యెస్తెరోస్ చిన్నప్పుడు అన్న ఇచ్చిన ఒకే ఒక్క 3 నంబరు ఐరన్‌తో పెద్రేన్యా ఊరి సముద్రపు ఇసుకలో ఆడి, ఆ ఒక్క క్లబ్బుతోనే అన్ని రకాల దెబ్బలూ నేర్చాడు.

గోల్ఫ్ వల్ల ఒంటికి కలిగే మేలు ముఖ్యంగా నడకది. పద్దెనిమిది హోల్స్ నడిచి ఆడితే ఏడెనిమిది కిలోమీటర్లు అవుతుంది. తొమ్మిది హోల్స్ ఆడే పిల్లవాడు అందులో సగం నడుస్తాడు. ఎగుడుదిగుడు నేల మీద, చెట్ల మధ్య, ఎండా గాలీ తగులుతూ. రోజూ కొంతసేపు ఆరుబయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుందని చైనాలోనూ తైవాన్‌లోనూ బడిపిల్లల మీద జరిగిన పరిశీలనలు చూపాయి. ఈ మేలు ఆరుబయట ఆడే ఏ ఆటలోనైనా దొరుకుతుంది. గోల్ఫ్‌కు ప్రత్యేకమైనది ఆట వయసు. కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడిన కాళ్లు ముప్ఫై అయిదు దాటాక విశ్రాంతి కోరతాయి. గోల్ఫ్ ఏడేళ్లకు మొదలుపెడితే డెబ్బై దాటాక కూడా ఆడవచ్చు. స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫర్ల వివరాలు పరిశీలించిన కరోలిన్‌స్కా సంస్థ, అదే వయసు, అదే ఆర్థిక స్థాయి ఉన్న ఇతరులతో పోలిస్తే వారిలో మరణాల రేటు 40 శాతం తక్కువని 2008లో ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా ఆటకు వస్తారన్నది నిజమే కాబట్టి ఆ ఘనతంతా ఆటకే ఇవ్వలేం. అయినా జీవితాంతం నడిపించే అలవాటు చిన్నప్పుడే పడటం చిన్న లాభం కాదు.

వయసుల మధ్య ఉన్న గోడను తీసేసే ఏర్పాటు కూడా ఈ ఆటలో ఉంది. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. ఆటగాడి స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు అతని మొత్తంలోంచి తీసేస్తారు. 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ పద్ధతిలో ఇది గరిష్ఠంగా 54. దీనివల్ల పదేళ్ల మనవరాలూ అరవై అయిదేళ్ల తాతయ్యా ఒకే పోటీలో నిజంగా పోటీ పడవచ్చు. తాతయ్య కావాలని ఓడిపోనక్కరలేదు, పిల్లకు ఆ సంగతి తెలిసిపోయి ఉక్రోషం రానక్కరలేదు. మూడు గంటలు పక్కపక్కన నడుస్తూ, ఫోన్లు సంచిలో పెట్టేసి, మాట్లాడుకునే వీలు ఈ రోజుల్లో ఇంకెక్కడ దొరుకుతుందో వెతకాలి.

మనసుకు ఇచ్చే శిక్షణ ఇంకాస్త లోతైనది. క్రికెట్‌లో బంతి మీదికి వస్తుంది. ఆలోచించే వ్యవధి ఉండదు. గోల్ఫ్‌లో బంతి కదలకుండా ఎదురుచూస్తుంది. తప్పు దెబ్బకు నెపం వేయడానికి బౌలర్ లేడు, అంపైర్ లేడు. చెట్ల మధ్య పడిన బంతిని చెట్ల మధ్య నుంచే ఆడాలి. కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. తర్వాతి దెబ్బ దగ్గరికి నడిచి వెళ్లేలోపు అది తగ్గాలి. పోయిన బంతిని వెతకడానికి నిబంధన ఇచ్చే సమయం మూడు నిమిషాలు. ఆ తర్వాత శిక్ష దెబ్బ వేసుకుని ముందుకు పోవలసిందే. నిరాశ పడటానికి కూడా గడువు పెట్టి, ఆ పైన కాలు కదపమనే నియమం పిల్లలకు ఎంత అవసరమో పరీక్షల కాలంలో పిల్లలున్న ఇంట్లో వాళ్లకు తెలుసు.

అన్నిటికీ మించినది నిజాయితీ. గోల్ఫ్‌లో తన శిక్ష తానే చెప్పుకోవాలన్నది నిబంధనల్లో మొదటి అధ్యాయంలోనే ఉంది. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబపు కుర్రాడు సాహిత్ తీగల 2024లో అట్లాంటాలో జరిగిన టూర్ చాంపియన్‌షిప్‌లో దీన్ని చేసి చూపాడు. మూడో రోజు, మూడో హోల్ దగ్గర ఇసుక బంకర్‌లోంచి కొట్టడానికి క్లబ్ వెనక్కి ఎత్తుతున్నప్పుడు, అది కొద్దిపాటి ఇసుకను తాకినట్టు అతనికి అనిపించింది. కొట్టకముందు ఇసుకను తాకకూడదు. ఎవరూ వేలెత్తి చూపకపోయినా తానే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బల శిక్ష పడింది. పోటీ ముగిసేసరికి అతను మూడో స్థానంలో ఉన్నాడు. రెండో స్థానానికి దూరం సరిగ్గా రెండు దెబ్బలు. ఆ పోటీలో రెండో బహుమతి కోటీ 25 లక్షల డాలర్లు, మూడోది 75 లక్షలు. ఇంత డబ్బు ఎదురుగా ఉన్నప్పుడు నోటి నుంచి వచ్చిన నిజం అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఏడేళ్ల వయసులో, ఎవరూ చూడని పొదల చాటున, నాలుగు దెబ్బలు కొట్టి నాలుగే అని చెప్పడం అలవాటైన నోటికే అది వస్తుంది.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. పిల్లల గోల్ఫ్‌లో పెద్ద గాయాలు ఎక్కువగా పక్కవాడు ఊపిన క్లబ్ తలకు తగలడం వల్ల వస్తాయి. ఒక పిల్లవాడు కొడుతుంటే మిగతావాళ్లంతా వెనక గీత దాటకుండా నిలబడటం మొదటి రోజు మొదటి పాఠం. ఉరుము వినిపిస్తే ఆట ఆపి పైకప్పు కిందికి చేరాలి. చెట్టు కిందికి కాదు. మన ఎండల్లో ఉదయం తొమ్మిది దాటితే చిన్నపిల్లల్ని మైదానంలో ఉంచకూడదు. ఒకే వైపు తిరిగే స్వింగ్‌ను ఎదిగే వెన్ను మీద రోజూ వందలసార్లు రుద్దితే నడుంనొప్పి మిగులుతుంది. పన్నెండు పదమూడేళ్ల దాకా పరుగు, ఈత, ఇతర ఆటలు కూడా ఉండాలి. తల్లిదండ్రులు ప్రతి దెబ్బకూ వెనకనుంచి సలహా ఇవ్వకుండా ఉంటే పిల్లలు ఎక్కువ కాలం ఆటలో నిలుస్తారు.

ఇంత మేలున్న ఆట చాలామంది పిల్లలకు గేటు బయటినుంచే కనిపిస్తుంది. కారణాలు అందరికీ తెలిసినవే: సభ్యత్వపు రుసుములు, ఊరికి దూరంగా ఉండే కోర్సులు, దుస్తుల నియమాలు, లోపల తెలిసినవాళ్లు లేకపోవడం. ఇది ఆట పుట్టుకతో వచ్చిన గుణం మాత్రం కాదు. గోల్ఫ్‌కు పుట్టిల్లుగా చెప్పుకునే స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ప్రపంచ ప్రసిద్ధమైన ఓల్డ్ కోర్సు ఊరందరి ఆస్తి. ఆదివారాలు మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్లు కుక్కల్ని వెంటేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని ఆ గడ్డిమీద షికారు చేస్తారు. పక్కనే హిమాలయాస్ అని పేరున్న గుట్టల గుట్టల పటింగ్ మైదానం ఉంది. 1867లో ఏర్పడిన మహిళల పటింగ్ క్లబ్‌ది అది. కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా, ఏ వయసువారైనా అక్కడ ఆడవచ్చు. పిల్లలకూ కొత్తవారికీ బాల్‌గోవ్ అనే తొమ్మిది హోల్స్ కోర్సు విడిగా ఉంది. నార్త్ బెర్విక్ ఊళ్లో పిల్లల కోర్సుకు ఒక అందమైన నియమం ఉంది: వెంట పిల్లలు లేకుండా పెద్దలు అక్కడ ఆడటానికి వీల్లేదు.

అమెరికాలో డబ్బు అడ్డును తొలగించిన పద్ధతి యూత్ ఆన్ కోర్స్. 2006లో ఉత్తర కాలిఫోర్నియాలో మొదలైంది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు వయసున్న సభ్యులు అయిదు డాలర్లో అంతకంటే తక్కువో కట్టి ఆడతారు. కోర్సుకు రావలసిన మిగతా సొమ్మును సంస్థ భర్తీ చేస్తుంది. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే కోర్సుకు నష్టం లేదు, పిల్లలకు తలుపు తెరుచుకుంటుంది. 1997లో మొదలైన ఫస్ట్ టీ మరో దారి పట్టింది. ఆటతోపాటు మర్యాద, బాధ్యత, పట్టుదల వంటి గుణాల్ని పాఠ్యాంశంగా పెట్టి, బడుల వ్యాయామ తరగతుల్లోకే గోల్ఫ్‌ను తీసుకెళ్లింది.

భారతదేశంలో గోల్ఫ్ చరిత్ర పాతది. 1829లో పుట్టిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటే ప్రాచీనమైనది. ఆ క్లబ్‌లో గడ్డి సంరక్షణ చూసే ఉద్యోగి కొడుకు ఎస్‌.ఎస్‌.పి. చౌరాసియా 2016లో, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1991లో ఆ పోటీ గెలిచిన తొలి భారతీయుడు అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా సంచులు మోసినవాడు. ప్రతిభ గోడకు ఏ వైపున ఉందో ఈ ఇద్దరి కథలు చెబుతున్నాయి. అయితే వీళ్లిద్దరూ గేటు దాటింది పనివాళ్ల దారిలో. ఆట కోసమే పిల్లలు గేటు దాటే ఏర్పాట్లు మన దేశంలో ఆలస్యంగా వచ్చాయి. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 2000లో కుతుబ్ దగ్గర తెరిచిన పబ్లిక్ కోర్సు అలాంటిది.

ఆడపిల్లల విషయంలో అదితి అశోక్ ఉదాహరణ బలమైనది. బెంగళూరులో అయిదేళ్ల వయసులో ఆట మొదలుపెట్టింది. 112 ఏళ్ల తర్వాత గోల్ఫ్ ఒలింపిక్స్‌కు తిరిగొచ్చిన 2016లో, పద్దెనిమిదేళ్లకే రియోలో ఆడింది. టోక్యోలో ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడ ఆమె సంచి మోసింది తల్లి. ఆ నాలుగు రోజులూ గోల్ఫ్ నియమాలు తెలియని లక్షల ఇళ్లలో తెల్లవారుజామునే టీవీలు మోగాయి.

అదే టోక్యోలో ఆడిన దీక్షా డాగర్‌కు పుట్టుకతోనే వినికిడి లోపం ఉంది. 2017 బధిరుల ఒలింపిక్స్‌లో రజతం, 2022లో బ్రెజిల్‌లో జరిగిన పోటీల్లో స్వర్ణం గెలిచింది. బంతి కదలని ఆట కావడం వైకల్యం ఉన్న పిల్లలకు గొప్ప సదుపాయం. తొందర లేదు, ఒకరితో ఒకరు ఢీకొనడం లేదు. 2023 నియమావళిలో వైకల్యం ఉన్నవారి కోసం 25వ నియమాన్ని ప్రత్యేకంగా చేర్చారు. చూపు లేని ఆటగాడికి బంతి వెనక క్లబ్బును సరిగ్గా నిలబెట్టడంలో, గురి దిశ చెప్పడంలో సహాయకుడు తోడుండవచ్చు. చక్రాల కుర్చీలో ఆడేవారికీ, కృత్రిమ అవయవాలున్నవారికీ వేరువేరు సడలింపులు ఉన్నాయి.

తెలుగు నేల మీదా కోర్సులున్నాయి. హైదరాబాద్‌లో గోల్కొండ కోటను ఆనుకున్న నయా ఖిలాలో, శతాబ్దాల నాటి బావోబాబ్ చెట్టు ఉన్న ఆవరణలో పద్దెనిమిది హోల్స్ కోర్సు ఉంది. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఈస్ట్ పాయింట్ ఉంది. వీటి చుట్టుపక్కల బడుల పిల్లలకు వారంలో ఒక పూట పటింగ్ గ్రీన్ తెరిచి ఉంచడం అసాధ్యమైన పనేమీ కాదు. కొత్తగా పెద్ద కోర్సులు కట్టాలంటే మాత్రం నీటి ప్రశ్న ఎదురవుతుంది. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లో గడ్డికి మంచినీళ్లు పోయడం తప్పు. శుద్ధిచేసిన మురుగునీటితో పెరిగే గడ్డి, పది పదిహేను ఎకరాల్లో పొట్టి హోల్స్ ఉండే చిన్న కోర్సు పిల్లలకు సరిపోతాయి, ఊరికీ బరువు కావు.

అసలు గడ్డే లేకుండా కూడా ఆట సాగుతుంది. ఒకప్పుడు మన దేశంలో చాలా కోర్సుల్లో గ్రీన్స్ ఉండేవి కావు, బ్రౌన్స్ ఉండేవి: నూనె కలిపి అణచిన ఇసుక చదరాలు. ఆట ముందు గోనెపట్టా లాగి వాటిని చదును చేసేవారు. నూనె నేలకు మంచిది కాదు. తడిపి దిమ్మిస కొట్టిన సన్న ఇసుక బడి పిల్లలకు చాలు. బడి ఆవరణలో ఓ మూల నాలుగు చోట్ల ఆరేసి అడుగుల వెడల్పున ఇసుక పరిచి, నడుమ నాలుగుంపావు అంగుళాల మూతి ఉన్న రేకు డబ్బా ఒక్కొక్కటి పాతి, పక్కన రంగు గుడ్డ కట్టిన వెదురుకర్ర నిలిపితే నాలుగు హోల్స్ తయారు. పది పటర్లు, నాలుగైదు పొట్టి ఐరన్లు, కిటికీ అద్దాలు పగలకుండా తేలికైన ప్లాస్టిక్ బంతులు తరగతి మొత్తానికి సరిపోతాయి. నలుగురేసి పిల్లలు జట్టుగా తిరుగుతారు. ఒకరు ఆడుతుంటే ఒకరు జెండా పట్టుకుంటారు, ఒకరు ఇసుక చదును చేస్తారు, ఒకరు పలక మీద అందరి దెబ్బలూ రాస్తారు. సాయంత్రం డబ్బాలు పైకి తీసి గుంటలు పూడ్చేస్తే, మర్నాడు ఉదయం అదే నేల మీద పిల్లలు ప్రార్థనకు వరసకట్టి నిలబడవచ్చు.